ఎరువు తెచ్చిన నాదము

గత ఉగాదినాడు మా సంఘ వార్షికోత్సవమున పంచాంగ శ్రవణము, పిల్లల పద్యపఠనము ముగిసిన పిమ్మట యువజన విభాగమువారు ఒక పాటను వినిపించిరి. దానిని కూర్చినవాడు మా సభ్యులలో ఒకరి మనుమడు, ఇంజనీరింగు చదువుచున్న పిల్లవాడు. వాని వద్ద వీణ లేదు, హార్మోనియము లేదు. ఉన్నదెల్ల ఒక లాప్‌టాప్, చెవులకు తగిలించుకొను హెడ్‌ఫోను. పాటలో తాళము గట్టిగా మ్రోగుచుండగా దానిపై ఒక స్త్రీకంఠము "అమ్మా" అను ఒక్క మాట పలుకుచుండెను. ఆ మాట చివర కంఠము సన్నగా వణకి తెగిపోవును. వెంటనే మొదటినుండి అదే మాట, అదే వణకు, అదే తెగుట. లెక్కించితిని గనుక చెప్పుచున్నాను: నాలుగు నిమిషములలో ఎనుబది పర్యాయములు. కుఱ్ఱవాండ్రు చప్పట్లు చఱచిరి. నిజము చెప్పవలెనన్న నాకును బాగుగనే ఉన్నట్లు తోచినది.

మూడవ వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి వరండాలోనికి వెళ్లిపోయిరి. ఆ కంఠము ఆమె తల్లిగారిది. 1986లో ఇదే చెన్నపట్టణమున ఆమెకు వివాహమైనపుడు అప్పగింతల వేళ తల్లి పాడిన పాటను బంధువులెవరో టేప్‌రికార్డరులో పట్టిరి. ఆ క్యాసెట్టు చేతులు మారి, పెద్దల పాటలను పదిలపఱచవలెనని మా సంఘమువారు పోగుచేసిన పెట్టెలోనికి చేరి, అచ్చటినుండి కంప్యూటరులోనికి ఎక్కి, ఈ పిల్లవాని చెవిని పడినది. తల్లి గతించి చాల ఏండ్లయినది. నేను వెలుపలికి పోయి పలుకరింపగా ఆమె అన్న మాట లివి: "అన్నయ్యగారూ, మా అమ్మ ఆ మాట దగ్గర ఏడ్చింది, నిజమే. కాని అక్కడ ఆగిపోలేదు. గుక్క తిప్పుకొని పాటంతా పాడింది. చివరి చరణం నవ్వుతూ పాడింది. వీడు ఆవిణ్ణి ఏడుపులోనే ఉంచేశాడు."

ఆ పాటను ఈ సంచికతోపాటు సభ్యులకు పంచవలయునా, వలదా యని కార్యవర్గమువారు నన్నడిగిరి. ప్రత్యుత్తరము వెదకుచు నేను పోయిన త్రోవయే ఈ వ్యాసము. త్రోవ తిన్ననిది కాదని ముందే మనవి చేయుచున్నాను.

మొదట మాటల సంగతి. ధ్వనిముద్రణశాలలవారు శాంపిల్ అనునది మన అంగడి భాషలో మచ్చు. బియ్యపు బస్తాలోనుండి గుప్పెడు తీసి చూపినట్లు, ఒక రికార్డులోనుండి రెండు మూడు సెకండ్ల ముక్కను తీయుదురు. ఒక్కటే భేదము. అంగడిలో మచ్చు చూచి బస్తా కొందుము. వీరు మచ్చునే వండుకొని బస్తాను వదలివేయుదురు. ఆ ముక్క తోకను దాని తలకే తగిలించి గానుగెద్దువలె త్రిప్పినచో అది లూప్. గ్రామఫోను ప్లేటుకు గీత పడినపుడు ముల్లు ముందుకు సాగక అదే గాడిలో తిరుగుట మనలో వయసు చెల్లినవారందఱు ఎఱిగినదే. లేచి పోయి చేతితో ముల్లును తోసెడివారము. ఆ దోషమునే 1948లో పారిస్ రేడియోలో పియెర్ షేఫర్ అను నతడు విద్యగా మార్చెను. రైలుస్టేషనులో ఇంజనుల చప్పుళ్లను ప్లేటులపై పట్టి, గాడిని వలయముగా మూసి, ఆ ముక్కలను త్రిప్పియు కలిపియు ఒక సంగీతమును కూర్చెను. పిమ్మట టేపును కత్తిరించి ఉంగరమువలె అంటించుట వచ్చినది. 1979లో ఆస్ట్రేలియా దేశమున ఫెయిర్‌లైట్ అను యంత్రము పుట్టినది. దాని వెల ఒక మేడ వెలకు పోటీగా నుండెను. నేడు ఆ పనినంతయు విద్యార్థి సంచిలోని లాప్‌టాప్ చేయుచున్నది.

తిరిగి తిరిగి ఒకే నాదము పలుకుట దోషమన్నచో ముందు మన సంగీతమునకే ముప్పు. తంబుర కచేరీ ఆద్యంతము ఒకే వరుసను పలుకును. బెంగుళూరున రాజ్‌నారాయణ్‌గారు 1979లో ఎలక్ట్రానిక్ తంబురను చేసి చూపిన పిదప ఆ పనిని పెట్టెయే చేయుచున్నది. మా యింట పిల్లలు మీట నొక్కి సాధనకు కూర్చుందురు. దానిపై నాకు ఫిర్యాదు లేదు. తీగె తెగినదని చెప్పి సాధన మానుకొనుటకు వారికి వీలు చిక్కుట లేదు. ఆవర్తము పూర్తి కాగానే తాళము మొదటికి వచ్చును. బుఱ్ఱకథలో వంతలు, భజనలో నామావళి, అన్నియు పునరుక్తులే. కాని త్యాగయ్యగారి కృతిలో పల్లవిని ఎన్నిమాఱులు పాడినను మాఱు మాఱునకు ఒక సంగతి పుట్టును. మాట అదే. రెండవమాఱు కొంచెము మీదికి ప్రాకును, మూడవమాఱు చుట్టి వచ్చును, అయిదవమాఱునకు మొదట మనవిగా వినిపించినది నిష్ఠూరముగా వినిపించును. లూప్‌లో ఎనుబదవ "అమ్మా"కును మొదటి "అమ్మా"కును వెండ్రుకవాసి భేదము లేదు. మార్పు కలిగినచో వినువానిలో కలుగవలసినదే. అదియు కలుగును: మొదట మాటగా వినిపించినది పదవమాఱునకు అర్థము రాలిపోయి ఉత్త నాదమగును. పిల్లవానికి అందమై తోచినదియు, కూఁతురికి గాయమై తగిలినదియు ఆ అర్థము రాలిపోవుటయే.

ఇఁక ఎరువు తెచ్చుకొనుట. ఎరువు సొమ్ము బరువు చేటని సామెత యున్నను, ఎరువు లేనిదే మన పాట నడువలేదు. వెనుకటి భజన పుస్తకములలోను, నాటకముల పాటల పుస్తకములలోను పాట నెత్తిన వర్ణమెట్టు అని వేసి, ఏ పాట వరుసలో పాడవలయునో చెప్పెడివారు. సినిమాలు వచ్చిన పిదప దేవుని పాటలు సినిమా మెట్టులలో వెలసినవి. ముత్తుస్వామి దీక్షితులవారంతటివారు ఇంగ్లీషు బాండు మెట్టులకు సంస్కృత సాహిత్యము కూర్చిరి. వానిని నొట్టుస్వరము లందురు. అందొకటి సాక్షాత్తు ఇంగ్లండు రాజగీతపు మెట్టున నడచును. దానిని విని రాజుగారి సొత్తు పోయినదని ఎవరును వాపోలేదు.

కవిత్వమున ఈ విచారణ ఎప్పుడో జరిగినది. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఇతరుల పదమును, అర్థమును హరించుట ఎంతవఱకు చెల్లునో అధ్యాయములుగా వ్రాసెను. అంతకు ముందే ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకపు నాలుగవ ఉద్ద్యోతమున, ఒకరి రచన మఱొకరి రచనను పోలియుండుట మూడు తెఱగులని చెప్పెను: అద్దములోని ప్రతిబింబమువలె, చిత్తరువువలె, ఒకరినొకరు పోలిన ఇద్దఱు మనుష్యులవలె. మొదటి రెండును కవి విడువదగినవి. మూడవది తప్పు కాదు; రెండవ మనిషి మొదటివానిని పోలినను వాని ప్రాణము వానికి కలదు గదా.

ఈ మూఁడింటిలో శాంపిల్ దేని క్రిందికి వచ్చును? చాలనాళ్లు ఆలోచించితిని. దేని క్రిందికిని రాదు. అది ప్రతిబింబము కాదు, చిత్తరువు కాదు, పోలిక గల మనిషియు కాదు. ఆ మనిషి శరీరమునుండి తీసిన ముక్కయే. వర్ణమెట్టును ఎరువు తెచ్చుకొనువాడు దానిని తన గొంతులోనుండి రప్పింపవలయును. నేర్వవలయును, తప్పులు పోవలయును, తన ఊపిరి పోయవలయును. అంతటితో సగము వానిది అగుచున్నది. శాంపిల్ తీయువాడు మెట్టును గాదు, ఊపిరినే తెచ్చుకొనుచున్నాడు. 1986లో ఒక మధ్యాహ్నము ఒక తల్లి గొంతులో ఆడిన గాలి అది. ఆ గాలి మఱల ఆడదు. రాజశేఖరునికి గాని ఆనందవర్ధనునికి గాని ఈ చిక్కు రాలేదు. వారి కాలమున గొంతును మనిషినుండి వేఱుచేయు ఉపాయము లేదు.

అంతమాత్రమున దీనిని దొంగతనమని త్రోసివేయుటకు నాకు మనసొప్పలేదు. మన అవధానములందలి సమస్యాపూరణము అడ్డు వచ్చినది. పృచ్ఛకుడిచ్చిన పాదము అవధానిది కాదు. అందొక అక్షరము మార్చుటకు వీలు లేదు. తక్కిన మూడు పాదములను అల్లి, ఆ యిచ్చిన పాదమునకు ఇచ్చినవాడే ఊహింపని అర్థమును అవధాని తెప్పించును. పరుల ముక్కను మార్పక నిలిపి, చుట్టు నున్నదానిని మార్చి, ముక్కయే మారినట్లు తోపించుట శాంపిల్ కళలోని నేర్పును ఇదియే. అవధానిని ఎవరును దొంగ యనరు. ఏలయనగా పృచ్ఛకుడు ఎదురుగనే కూర్చుండును. పాదము ఎవరిదో సభ యెల్ల ఎఱుగును. పూరణ విని మొట్టమొదట మెచ్చుకొనువాడో, పెదవి విఱచువాడో అతడే. ఇచ్చినవాడు సభలో నుండుట అను నీ కొలబద్దను నేను చేతఁబట్టుకొంటిని.

ఇచ్చినవాడు సభలో లేనిచో ఏమగునో తెలిసికొనుటకు అమెరికా కథ యొకటి చాలును. 1969లో ది విన్‌స్టన్స్ అను బృందము ఒక రికార్డు వెలువరించినది. దాని ముందుప్రక్క పాటకు పేరు వచ్చినది. వెనుకప్రక్క, చోటు నింపుటకు, ఒక పాత భక్తిగీతపు మెట్టుపై అల్లిన "ఆమెన్, బ్రదర్" అను వాద్యగీతమును వేసిరి. (అదియు ఎరువే యని గమనింపుఁడు.) నడుమ తక్కిన వాద్యములెల్ల ఆగి, డ్రమ్ములు వాయించు గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే ఆఱేడు సెకండ్లు వాయించును. 1980 తరువాతి దశకమున శాంపిలర్లు చవుకయై ఆ ఆఱేడు సెకండ్లు వానిలోనికి ఎక్కినవి. ఇంగ్లండులో జంగిల్, డ్రమ్ అండ్ బాస్ అను సంగీత శాఖలు ఆ ముక్కను తఱిగి, వేగపఱచి, తిరుగవేసి దానిపైననే నిలచినవి. నేడు వేలకొలది పాటలలో అది యున్నది. లోకమున ఆ మనిషి చేతి దెబ్బను విననివారు అరుదు. కోల్‌మన్ 2006లో అట్లాంటా నగరమున నిరుపేదగా మరణించెను. బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సరునకు హక్కులుండియు ఆ వాడుకలవలన డబ్బు రాలేదు. 2015లో ఇంగ్లండునందలి అభిమానులు చందాలెత్తి 24,000 పౌండ్లు ఆయనకు అందఁజేసిరి. వాయించిన చేయి మట్టిలో కలిసి అప్పటికే తొమ్మిదేండ్లు.

జేమ్స్ బ్రౌన్ "ఫంకీ డ్రమ్మర్"లో డ్రమ్ములు వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డు కథయు నిట్టిదే. పాటపై పేరు గాయకునిది, హక్కు గాయకునిది. జనులు కత్తిరించుకొని పోయినది మాత్రము స్టబుల్‌ఫీల్డు వాయించిన ముక్కను. 2017లో ఆయనయు పోయెను.

న్యాయస్థానములు ఏమి చెప్పినవి? 1991లో న్యూయార్కున ఒక న్యాయాధిపతి, గిల్బర్ట్ ఓసలివన్ పాట ముక్కను అనుమతి లేక వాడినందులకు బిజ్ మార్కీ అను గాయకునిపై తీర్పు చెప్పుచు, దొంగతనమును నిషేధించు బైబిలు ఆజ్ఞతోనే తీర్పును ఆరంభించెను. 2005లో మఱొక అమెరికా న్యాయస్థానము రెండు సెకండ్ల గిటారు ముక్కకైనను అనుమతి కావలయు ననెను. 2016లో ఇంకొక న్యాయస్థానము, మెడోనా పాటలో సెకండులో నాలుగవ వంతుకు మించని బాకా చప్పుడును గూర్చి, అంత స్వల్పమునకు దోషము లేదనెను. ఈ తీర్పుల నన్నింటిని కలిపి చదివినచో వాదమంతయు సొంతదారుని గూర్చియే, ముక్క పొడవును గూర్చియే. రికార్డు ఎవరిది, మెట్టు ఎవరిది అని అడుగుదురు. చేయి ఎవరిదని అడిగినవారు లేరు. చట్టమునకు అడుగుట చేతకాదేమో. సంఘమునకు చేతనగును గదా యని నా యాశ.

మన దేశపు పాటలకును ఈ గతి పట్టినది. 1981 నాటి "జ్యోతి" అను హిందీ చిత్రమునకు బప్పీ లాహిరి కూర్చి లతా మంగేష్కర్ పాడిన పాటను 2002లో అమెరికాలో "అడిక్టివ్" అను పాటలో అనుమతి లేకయే వాడిరి. వ్యాజ్యము నడచినది. 2003లో అచ్చటి న్యాయస్థానము, లాహిరి పేరు వేయనిదే ఆ రికార్డును అమ్మరాదని ఆజ్ఞాపించినది. డబ్బుకంటె ముందు పేరు వేయుమన్న ఆ యాజ్ఞ నాకు నచ్చినది. ఇంకొకటి మనకు మఱింత దగ్గఱిది. 2003లో బ్రిట్నీ స్పియర్స్ పాడిన "టాక్సిక్" అను పాటను మన పిల్లలెల్ల ఎఱుగుదురు. అందు చివ్వున లేచు వయొలిన్ల వరుస 1981 నాటి "ఏక్ దూజే కే లియే" చిత్రములోని పాటనుండి తీసినది. ఆ చిత్రము మన "మరోచరిత్ర"కు హిందీ రూపము. సంగీతము లక్ష్మీకాంత్ ప్యారేలాల్‌ది. ఆ పాటను లతాగారితో కలిసి పాడినది మన బాలసుబ్రహ్మణ్యముగారు. ఈ మాట చెప్పినపుడు మా మనుమరాలు ఆశ్చర్యపడి ఆ వయొలిన్లు వాయించిన దెవరని అడిగినది. నాటి సినిమా రికార్డుల అట్టలపై వాద్యగాండ్ర పేర్లు సాధారణముగా వేసెడివారు కారు. కోడంబాకము, వడపళని ప్రాంతములలో కాపురముండి స్టూడియోలకు వయొలిన్ పెట్టె మోసికొనిపోయిన వాద్యగాండ్రను మనలో పలువురు ఎఱుగుదుము. అందఱు ఒకే హాలులో కూర్చుండి వాయించెడివారు. ఒకరు తప్పినచో అందఱు మొదటినుండి వాయింపవలసినదే. 1992లో "రోజా" వచ్చిన నాటినుండి పని చిన్న గదులలోనికి, కంప్యూటరులలోనికి జరిగినది. ఒక వాద్యమునందలి స్వరములనెల్ల విడివిడిగా ఒక్కసారి వాయించి యిచ్చి, కూలి పుచ్చుకొని పోయినచో, పిమ్మట ఆ స్వరములతో ఎన్ని పాటలైన యంత్రము కూర్చుకొనును. అనుమతియు ఉన్నది, డబ్బును ముట్టినది. అయినను తన చేతిని తానే అమ్ముకొన్న ఆ వాద్యగానికి మఱునాడు పిలుపు లేదు. న్యాయముగా జరిగినది గదా యని నేను సమాధానపడలేకున్నాను. దీనికి మందు నాకు తెలియదు.

ఇంతవఱకు ఒక ప్రక్కయే చెప్పితిని. ఆ పిల్లవానిని ఇంటికి పిలిపించితిని. మందలింపవలెననియే పిలిచితిని. వాడు తల వంచుకొని వినెను, పిమ్మట మెల్లగా అనెను: "తాతగారూ, ఆ పెట్టెలో నలభై మూడు క్యాసెట్లున్నాయండి. నేను తీసేటప్పటికి బూజు పట్టి ఉన్నాయి. ఇన్నేళ్లలో ఒక్కరైనా విన్నారా? ఆ గొంతు నాకు నచ్చింది గనకే తీసుకున్నాను. నచ్చకపోతే అది ఆ పెట్టెలోనే ఉండేది."

నాకు జవాబు తోచలేదు. ఆ పెట్టెకు తాళము వేసిన కార్యవర్గమున నేనును ఒకఁడను.

వాని పక్షమున చరిత్రయు కలదు. 1973లో న్యూయార్కునందలి బ్రాంక్స్ అను పేట వేడుకలలో కూల్ హెర్క్ అను యువకుడు రెండు గ్రామఫోను పళ్లెములు ప్రక్కప్రక్కన నిలిపి, పాటలో డ్రమ్ములు మాత్రము మ్రోగు భాగమును ఒక పళ్లెమునుండి మఱొక పళ్లెమునకు మార్చుచు సాగదీసెను. వాద్యములు కొనలేని పేదపిల్లలకు తలిదండ్రుల పాత రికార్డులే వాద్యములైనవి. అడిగి మఱి తీసికొనుడని నాడు శాసించినచో అడుగుటకు వకీలును పెట్టుకొనఁగలవాడే పాట కట్టెడివాడు. కోల్‌మన్ వాయించిన ఆఱేడు సెకండ్లు ఆ రికార్డు వెనుకప్రక్కనే సమాధియై యుండెడివి. అన్యాయము చేసిన చేతులే ఆయనను బ్రతికించినవి. ఈ రెండును నిజములే. ఒకదానితో మఱొకటి చెల్లుబడి కాదు.

వాడు ఇంకొక మాట అడిగెను. దాని తరువాత నా ఆలోచన మలుపు తిరిగినది. "అప్పగింతలంటే ఏమిటి తాతగారూ?" వాడు దానిని జోలపాట యనుకొనెనట. చెన్నపట్టణమున పుట్టి, బడిలో తమిళము, ఇంగ్లీషు చదివినవాడు. ఇంట తెలుగు వినును, పలుకును, చదువలేడు. పాటలో "అమ్మా" యను నొక్క మాటయే వానికి తెలిసినది. తక్కినదెల్ల వానికి అర్థము లేని నాదము, కావున విడిచెను. కూఁతురు చేయిని అత్తవారి చేతిలో పెట్టునపుడు పాడు పాట యని తెలిసినచో అచ్చట కత్తెర వేయుదువా అని అడిగితిని. చాలసేపు ఊరకుండెను. "ఏమో అండి. అక్కడే వేసేవాణ్ణేమో. కాని తెలిసి వేసేవాణ్ణి" అనెను.

ఈ ప్రత్యుత్తరము నాకు నచ్చినది. ముక్క తీయువాడు మొత్తమును ఎఱిగి తీయవలయును. బస్తా మొత్తము తెలియకయే గుప్పెడు తీయుట తగదని వాని నోటనే వచ్చినది. ఎఱుగని తప్పులో వాని పాలెంత, వానికి చదువు నేర్పని మా పాలెంత అనుటను తూచి చెప్పలేను. మేము రెండు తరములుగా ఉగాదికి పచ్చడి పంచితిమి; అక్షరములు పంచలేదు.

ఇచ్చినవాడు సభలో నుండవలయునని కదా నేను కొలబద్ద పట్టుకొంటిని. గతించినవారి మాట యేమి? వారి పక్షమున ఆ చాపపై ఎవరు కూర్చుందురు? ఈ ప్రశ్న నేడు గుమ్మములోనికి వచ్చినది. కృత్రిమ మేధయను క్రొత్త విద్య గతించిన గాయకుని గొంతు నమూనాను గ్రహించి, ఆయన ఎన్నఁడును పాడని పాటను పాడించుచున్నది. 2024లో "లాల్ సలామ్" అను తమిళ చిత్రమునకు రహ్మాన్‌గారు గతించిన ఇద్దఱు గాయకుల గొంతులను ఈ విధముగా తెప్పించి, కుటుంబములవారి అనుమతి పొందితిమనియు, పారితోషికమిచ్చితిమనియు ప్రకటించిరి. అదే సంవత్సరమున, "కీడా కోలా" అను తెలుగు చిత్రమున బాలసుబ్రహ్మణ్యముగారి గొంతును అడుగకయే కల్పించిరని ఆయన కుమారుడు చరణ్‌గారు నోటీసు పంపిరి. ఇచ్చట కత్తెర కూడ లేదు. తీసినది ముక్క కాదు, గొంతే. వారసులు ఆ చాపపై కూర్చుండుట ఉచితమే. అయినను వారసుడు సొత్తుకు వారసుడు. అన్నివేళల మనసునకు వారసుడు కాడు. మా వరండాలో కన్నీరు పెట్టుకొన్న ఆవిడ హక్కుల మాట ఎత్తనే లేదు. తల్లి చివరి చరణము నవ్వుచు పాడినదని చెప్పిరి. ఏ కాగితముపై సంతకము చేయించినను ఆ మాటకు బదులు రాదు.

కార్యవర్గమునకు నేను చెప్పినది ఇంతే. ఉన్నదున్నట్లుగా ఆ పాటను పంచవలదు. పిల్లవాడు ఆవిడ యింటికి పోయి, ఆవిడ ప్రక్కన కూర్చుండి క్యాసెట్టును మొదటినుండి చివరిదాక వినవలయును. పిమ్మట ఏమి చేయుదురో వారిద్దఱి యిష్టము. వలదని ఆవిడ అన్నచో ఆ మాటకు అప్పీలు లేదు.

పిల్లవాడు వెళ్లెను. క్యాసెట్టు త్రిప్పు పెట్టె ఆవిడ యింట లేకపోగా వాడే వెదకి పట్టుకొనిపోయెను. వారిద్దఱు ఏమి మాటాడుకొనిరో నాకు తెలియదు. తిరిగి వచ్చి వాడు చెప్పినది పనిని గూర్చియే. పాట మొత్తము తన తాళములో ఇముడుట లేదట. ఆ తల్లి కాలప్రమాణము పాటించలేదు. మనసు బరువైనచోట నిలిచినది, తేలికయైనచోట పరుగెత్తినది. కంప్యూటరులో గళ్లు గీచి యుండును, ప్రతి దెబ్బయు గడిలో పడవలయును. గొంతును సాగదీసి గళ్లలో కూర్చుటకు ఉపాయమున్నది. చేసి చూచి తానే చెఱిపివేసితి నని చెప్పెను. చివరకు వాడు కూర్చిన రెండవ రూపమున "అమ్మా" నాలుగు పర్యాయములు వచ్చును. అయిదవమాఱు తాళము ఆగిపోవును; గొంతు ఒంటరిగా గుక్క తిప్పుకొని పాటను చివరిదాక పాడును. ఆవిడ ఒప్పుకొనిరి, తల్లి పేరు వేయవలెనని మాత్రము కోరిరి. వాని స్నేహితులకు మొదటి రూపమే బాగున్నదట. కావచ్చును. సంగీతముగా చూచినచో వారు చెప్పినదే నిజము కావచ్చును. ఈ సంచికతో సభ్యులకు అందునది మాత్రము రెండవ రూపము.

పేర్లు వ్రాయుచుండగా ఒక ఖాళీ మిగిలినది. పాట అడుగున వినిపించు తాళము యంత్రము పుట్టించినది కాదు. అదే క్యాసెట్టులో, అప్పగింతలకు ముందు, తలంబ్రాల వేళ మ్రోగిన డోలునుండి వాడు తీసిన మూడు సెకండ్లు అది. ఆవిడకు నాదస్వర విద్వాంసుని పేరు లీలగా జ్ఞాపకమున్నది. డోలు వాయించినవాని పేరు లేదు. పెండ్లి ఫోటోలలో ఒకదానియందు అతడున్నాడు. కుడివైపు అంచున, ముఖము సగము ఫ్రేమునకు వెలుపలికి పోయి, చేయి మాత్రము స్పష్టముగా కనబడుచున్నది. ఆ ఫోటోను ఈ పుటకు ఎదురుగా అచ్చువేయించితిమి. పెండ్లి 1986 వైశాఖమున మైలాపూరులో జరిగినది. ఆయనను గుర్తించినవారు, లేదా ఆయన సంతతివారు, సంఘ కార్యాలయమునకు తెలియఁజేయఁగోరుచున్నాము.